పైలట్ కల... ఇంటి కంప్యూటర్‌లో ఏ సిమ్యులేటర్?

సింగపూర్‌లో మా ఫ్లాట్ పైనుంచి చాంగికి దిగే విమానాలు చూసి చూసి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పైలటే అవుతానంటున్నాడు. అది సరదానో, నిజమైన ఆసక్తో తేలాలి కదా! ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెడదామనుకున్నాం.

2024 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 చూడముచ్చటగా ఉంటుంది. శంషాబాద్ మీదుగా ఎగిరితే కింద మన ఊళ్లే కనిపిస్తాయి. అయితే ఆ దృశ్యాలన్నీ నెట్ నుంచే వస్తుండాలి, ర్యామ్ కనీసం 16 జీబీ ఉండాలి. పైగా అది విండోస్ సాఫ్ట్‌వేర్, మాదేమో మ్యాక్. ఎక్స్-ప్లేన్ 12 మాత్రం మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ నడుస్తుంది. రెక్కను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కోదానిపై పనిచేసే గాలి బలాన్ని లెక్కగడుతుంది. నేర్చుకునేవాడికి నేల అందాల కన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. దీనికి ఉచిత డెమో కూడా ఉంది. ఫ్లైట్‌గేర్ అయితే పూర్తిగా ఉచితం, కానీ అమర్చుకోవడానికి ఓపిక కావాలి.

ఇంట్లో ఎగిరిన గంటలు లైసెన్సుకు లెక్కలోకి రావు. ఆ మాట వాడికి ముందే చెప్పాను. ప్రస్తుతానికి ఎక్స్-ప్లేన్ డెమో వేసి, డబ్బు జాయ్‌స్టిక్ మీద పెట్టాం. ఈ వారం పక్కగాలిలో సెస్నా 172ను రన్‌వే మధ్యగీత మీద దించడానికి తంటాలు పడుతున్నాడు.