వెనిస్‌కు పడవే దిక్కా?

ఇటలీ యాత్ర అనుకోగానే మనవాళ్లు మొదట అడిగేది వెనిస్ గురించే. నీళ్లలో ఉన్న ఊరు, అమ్మానాన్నలతో వెళ్లగలమా అన్న భయం కూడా ఆ వెంటే వస్తుంది. ఆ భయంతోనే కొందరు ఆ ఊరినే వదిలేసుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: పడవ తప్ప దారి లేదు.

వాస్తవం: ఉప్పునీటి సరస్సు మీద వేసిన వంతెన మీదుగా 1846 నుంచి ఊళ్లోకి రైలు వెళుతోంది. 1933లో దాని పక్కనే రోడ్డు వంతెన కట్టారు. మిలాన్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు, రోమ్ నుంచి నాలుగు గంటలు. చివరి స్టేషన్ శాంటా లుచియా. బయటికొస్తే ఆటోలు, ట్యాక్సీలు కనిపించవు. ఎదురుగా వెడల్పాటి మెట్లు, మెట్ల కింద పెద్ద కాలువ, అవతలి ఒడ్డున ఆకుపచ్చ గుమ్మటంతో చర్చి. రైలు దిగిన రెండు నిమిషాలకే ఈ దృశ్యం!

దానికి ముందు వచ్చే మెస్త్రే స్టేషన్ పేరులోనూ వెనిస్ ఉంటుంది, కానీ అది నేల మీది ఊరు. పొరపాటున అక్కడ దిగినా కంగారొద్దు. మరో రైలెక్కితే పది నిమిషాలే.

అపోహ: కారు మాట్లాడుకుంటే హోటల్ గుమ్మం దాకా వెళ్లొచ్చు.

వాస్తవం: కార్లు, బస్సులు, ట్రామ్ అన్నీ ఊరి అంచున పియాజలె రోమా దగ్గరే ఆగిపోతాయి. లోపల సైకిల్ తొక్కడానికీ వీల్లేదు. మార్కో పోలో విమానాశ్రయం నుంచి ఇక్కడికి బస్సులున్నాయి. చౌక టికెట్ చూసి కొంటే మాత్రం విమానం ఎక్కడ దిగుతుందో చదవండి. ట్రెవీజో విమానాశ్రయాన్నీ వెనిస్ పేరుతోనే అమ్ముతారు. అది ఇంకా దూరం.

అపోహ: ఊళ్లో తిరగాలంటే గొండోలానే, జేబు ఖాళీ.

వాస్తవం: గొండోలా సరదా కోసం. పగటిపూట అరగంటకు నగరపాలక సంస్థ పెట్టిన ధర 90 యూరోలు. ఊరివాళ్లు రోజూ ఎక్కేది వాపొరెట్టో, అంటే పడవ బస్సు. బయటివాళ్లకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు. నీళ్ల మీద తేలే రేవులోంచి దాదాపు సమమట్టంగా లోపలికి అడుగు పెట్టొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: ఊరు చేరితే కష్టం తీరినట్టే.

వాస్తవం: అసలు కష్టం ఆఖరి అర కిలోమీటరులోనే ఉంది. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. కింద పడవలు వెళ్లాలి కాబట్టి చాలావాటిని విల్లులా పైకి ఎత్తి కట్టారు, ఎక్కడానికీ దిగడానికీ మెట్లే. ఇరవై మూడు కిలోల సూట్‌కేసు చక్రాలు అక్కడ పనిచేయవు, చేత్తో మోయాల్సిందే. మ్యాప్‌లో ‘ఐదు నిమిషాల నడక’ అని కనిపించే దారిలో మూడు వంతెనలుండొచ్చు. పచ్చళ్ల సీసాలతో నింపిన పెట్టెతో ఆ మూడూ దాటేసరికి నాన్నగారు నీరసించిపోతారు.

కాబట్టి గది బుక్ చేసే ముందే హోటల్ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: వాపొరెట్టో దిగాక మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలి? ‘ఒక్కటీ లేదు’ అన్న హోటల్‌కు కాస్త ఎక్కువైనా ఇవ్వండి.