పీఎస్ఏ 4 దాటిందా? వెంటనే క్యాన్సర్ అనుకోవద్దు.. ఆ ఎంజైమ్ అసలు కథ ఇదీ!

భైంసా (నిర్మల్ జిల్లా): రక్తం ఇక్కడే ఇస్తారు. రిపోర్ట్ సాయంత్రానికల్లా వాట్సాప్‌లో వచ్చేస్తుంది. చూసి చెప్పే యూరాలజీ డాక్టర్ కోసం మాత్రం నిజామాబాద్‌కో, నాందేడ్‌కో, హైదరాబాద్‌కో బస్సెక్కాలి. ఈ మధ్యలోనే ఇంట్లో భయం మొదలవుతుంది. పీఎస్ఏ 4 దాటింది.. అంటే బాపుకు క్యాన్సరేనా?

కాకపోవచ్చు. పీఎస్ఏ ఒక ఎంజైమ్. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ కూడా దీన్ని తయారు చేస్తూనే ఉంటుంది. గడ్డలా ఉండే వీర్యాన్ని పలచగా చేయడం దీని పని. అందుకే రక్తంలో కంటే వీర్యంలో ఇది లక్షల రెట్లు ఎక్కువ.

చాలామంది పొరబడేది ఇక్కడే. క్యాన్సర్ కణాలు పీఎస్ఏను ఎక్కువగా తయారు చేస్తాయనుకుంటారు. నిజానికి అదే బరువున్న కణజాలాన్ని పోల్చి చూస్తే, ఆరోగ్యకరమైన దానికంటే క్యాన్సర్ వచ్చిన దాంట్లోనే ఇది తక్కువ! మరి రిపోర్ట్‌లో నెంబర్ ఎందుకు పెరుగుతుంది? క్యాన్సర్ గ్రంథి లోపలి గోడలను దెబ్బతీస్తుంది. నాళాల్లోకి పోవాల్సిన ఎంజైమ్ రక్తంలోకి లీకవుతుంది. ట్యాంక్‌లో నీళ్లు పెరగలేదు, పైపు పగిలిందంతే.

ఆ లీకేజీకి క్యాన్సర్ ఒక్కటే కారణం కాదు. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రానికి పైపు వేసినా పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య ఉన్నవారికి బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. నార్మల్ వచ్చినా పూర్తిగా లేదని కాదు. ప్రోస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలల్లో ఈ నెంబర్‌ను సగానికి దించేస్తాయి. ఆ మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

అసలు తేడా చూపించే ఎంజైమ్ ఇంకోటుంది.. అకోనిటేజ్. ఆరోగ్యకరమైన ప్రోస్టేట్‌లో జింక్ బాగా ఉంటుంది, అది ఈ ఎంజైమ్‌కు బ్రేక్ వేస్తుంది. దాంతో సిట్రేట్ అనే పదార్థం పోగవుతుంది. క్యాన్సర్ కణాల్లో జింక్ పడిపోతుంది, బ్రేక్ ఊడుతుంది, కణం ఆ సిట్రేట్‌ను ఇంధనంగా కాల్చేసుకుంటుంది. అలాగని మెడికల్ షాపులో జింక్ మాత్రలు కొని మింగితే క్యాన్సర్ ఆగుతుందని రుజువు లేదు.

టెస్ట్‌కు ముందు రెండు రోజులు లైంగిక చర్య, సైకిల్ తొక్కడం వద్దంటారు డాక్టర్లు. నెంబర్ పెరిగితే సాధారణంగా కొన్ని వారాలాగి మళ్లీ టెస్ట్ చేయిస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీ. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మూత్రంలో రక్తం కనిపించినా, నడుము ఎముకల నొప్పి తగ్గకపోయినా మాత్రం వారాలు ఆగొద్దు, వెంటనే బస్సెక్కాలి.