ఎమ్మారై చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

అపోహ: ఎమ్మారై తీస్తే నోట్లో గడ్డ క్యాన్సరో కాదో తేలిపోతుంది. ఇక ముక్క పరీక్ష ఎందుకు?

ముక్క పరీక్ష, అదే బయాప్సీ, తప్పదు. కణాలను మైక్రోస్కోపులో చూస్తేనే క్యాన్సరని ఖాయమవుతుంది. ఎమ్మారై పని వేరు: గడ్డ ఎక్కడిదాకా పాకిందో చూపడం. నాలుక క్యాన్సరునే తీసుకోండి. పైకి చిన్న పుండే కనిపిస్తుంది, కండరంలోకి ఎంత దిగిందన్నదే అసలు ప్రశ్న. 2018లో అమల్లోకి వచ్చిన దశల లెక్కలో ఈ లోతునూ కలిపారు. పుండు వెడల్పు 2 సెంటీమీటర్లు దాటకపోయినా, లోతు 5 మిల్లీమీటర్లు దాటితే గడ్డను టీ1 అనరు, టీ2 అంటారు. మెడలోని లింఫు గ్రంథులనూ తీయాలా అన్న నిర్ణయంలో ఈ లోతు కీలకం. ఎమ్మారై ఇచ్చేది అంచనా. కచ్చితమైన కొలత ఆపరేషన్ తర్వాత పాథాలజిస్టు చెబుతారు.

ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని భయపడి నెలలు గడిపేవాళ్లున్నారు. హాని చేసేది ఆ జాప్యమే. అయితే వీలుంటే ఎమ్మారై ముందే తీయించడం మేలు. ముక్క తీసినచోట వాపు వస్తే గడ్డ ఉన్నదానికంటే లోతుగా కనిపించవచ్చు.

అపోహ: సీటీ కంటే ఎమ్మారై ఖరీదు, కాబట్టి అదే గొప్ప.

ధరను బట్టి కాదు, చోటును బట్టి ఎంచుకుంటారు. గుట్కా, ఖైనీ దాచుకునే బుగ్గ, చిగురు దగ్గరి గడ్డ దవడ ఎముక పైపొరను కొరికిందా అన్నది సీటీ బాగా చూపిస్తుంది. లోపలి మజ్జలోకి చేరిందా అంటే ఎమ్మారై కావాలి. నరాల వెంట పాకే క్యాన్సరును పట్టడంలో కూడా దానిదే పైచేయి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి చాలామంది విన్నారు. అంగిలి గడ్డ నరం పట్టుకుని పుర్రె అడుగుదాకా వెళ్లగలదు. రెండు స్కాన్లూ రాశారంటే ప్రతిసారీ డబ్బు కోసమేనని అనుకోనక్కర్లేదు.

అపోహ: ఎమ్మారైలో రేడియేషన్ ఎక్కువ.

ఎక్స్‌రేలాంటి రేడియేషన్ అసలే లేదు. అయస్కాంతం, రేడియో తరంగాలు, చెవులదిరే చప్పుడు, అంతే. జాగ్రత్తపడాల్సింది లోహంతో: పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, కంట్లో పడ్డ ఇనుప రజను ఉంటే ముందే చెప్పాలి. కట్టుడు పళ్ల లోహంతో సాధారణంగా ప్రమాదం లేదు గానీ చుట్టూ బొమ్మ చెడుతుంది. మందు ఎక్కించి తీసేటట్లయితే కిడ్నీ జబ్బు సంగతి దాచొద్దు. స్కాన్ నడుస్తుండగా గుటక వేస్తే గొంతు భాగం మసకబారుతుంది.

అపోహ: రేడియేషన్ చికిత్స ముగిసిన వారానికే స్కాన్ తీస్తే ఫలితం తెలుస్తుంది.

అప్పటికి అంతా వాపే. అందుకే సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. అప్పుడు పాత స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.