దురద తగ్గితే తామర తగ్గినట్టేనా?

బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలోని చింతకి లాంటి పల్లెల్లో, వానాకాలం కలుపు తీసి తడి బట్టలతోనే ఇల్లు చేరేవాళ్లకు గజ్జల్లో, నడుము చుట్టూ తామర రావడం కొత్త కాదు. కానీ కొన్నేళ్లుగా దేశమంతటా ఆసుపత్రులకు వస్తున్న తామర తీరు వేరు. ఒక మచ్చతో ఆగదు, ఏ కాలమైనా వస్తుంది, ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. పాత నమ్మకాలతో దీన్ని వదిలించుకోలేం.

అపోహ: ఇది తాతల నాటి తామరే.

వాస్తవం: ఫంగసే మారింది. ఒకప్పుడు ఎక్కువగా కనిపించింది ట్రైకోఫైటాన్ రూబ్రమ్. ఇప్పుడు ముందుకొచ్చిన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫైన్ మందుకు ఇది చాలాసార్లు లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది.

అపోహ: మెడికల్ షాపు ట్యూబుతో రెండు రోజుల్లో దురద పోయింది, మంచి మందే.

వాస్తవం: దురదను అణచింది అందులోని స్టెరాయిడ్. అది ఒంటి రక్షణశక్తినీ అణచేస్తుంది, ఫంగస్ నిశ్శబ్దంగా పాకుతుంది. మామూలు తామరకు అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ తేటగా ఉంటుంది. స్టెరాయిడ్ రాసిన చోట వలయంలో వలయం లేస్తుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే తామరకు సొంతంగా రాయొద్దు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది.

అపోహ: మచ్చ మాసిపోతే మందు ఆపొచ్చు.

వాస్తవం: ఇప్పటి తామరకు చాలామందికి 6 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వైద్యం కావాలి. పూతమందు మచ్చ మీదే కాదు, చుట్టూ ఒక వేలు వెడల్పు దాటి రాయాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

అపోహ: శుభ్రత లేనివాళ్లకే వస్తుంది.

వాస్తవం: రోజూ స్నానం చేసినా తువ్వాలు, దుప్పటి పంచుకుంటే వస్తుంది. మొలతాడు చూడండి: చెమటకు నాని, స్నానంలో తడిసి, ఆరకుండా చర్మానికి అంటుకునే ఉంటుంది. నయమయ్యేదాకా తీసి పెట్టండి. రోగి బట్టలు విడిగా వేడినీళ్లతో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో మచ్చలున్నవాళ్లంతా ఒకేసారి వైద్యం చేయించుకోండి.

మచ్చ అంచును కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది. గజ్జల్లో మచ్చ చూపించడానికి సిగ్గుపడకండి. ఆ సిగ్గే మనల్ని షాపు ట్యూబు దగ్గరికి నడిపిస్తోంది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి.