ఇంటి మరమ్మతులు: సుత్తి పట్టే ముందు కాగితం మీద లెక్క

ఇంట్లో షాదీ కుదిరిందంటే చాలా కుటుంబాల్లో వచ్చే మొదటి మాట, ‘ముందు ఇల్లు బాగు చేయించాలి’. రంజాన్ దగ్గర పడినా ఇదే మాట. వారం తిరగకముందే మేస్త్రీ వస్తాడు. నోటిమాటగా ఒక ధర చెప్తాడు, అడ్వాన్స్ తీసుకుంటాడు, మర్నాడే గోడ మీద సుత్తి పడుతుంది. తిప్పలు మొదలయ్యేది అక్కడే. బాత్రూమ్‌లో టైల్స్ అతికించాక లోపలి పైపు లీకేజీ బయటపడుతుంది. రంగులు వేశాక ఏసీకి వైరు లాగలేదని గుర్తొస్తుంది. వేసింది పగలగొట్టి మళ్లీ వేయాలి. ఖర్చు పెరుగుతుంది, పెళ్లి తేదీ మాత్రం ఆగదు.

ఇందులో చాలావరకు పనివాళ్ల తప్పు కాదు. ముందే తేల్చుకోవాల్సిన విషయాలను పని మధ్యలో తేల్చుకోవడం వల్ల వచ్చే నష్టం ఇది. సుత్తి పట్టే ముందు కొన్ని వారాలు ఆలోచనకు ఇస్తే డబ్బు, సమయం, ఇంట్లో వాళ్ల మనశ్శాంతి మిగులుతాయి.

ఇల్లు ఎవరిదో ముందు తేలాలి

ఈ ప్రశ్న చాలామంది అడగరు. అడగడానికి మొహమాటం. తండ్రి కట్టిన ఇల్లు, ఆయన పోయి ఏళ్లయింది, వాటాలు పంచుకోలేదు, ఒక కొడుకు అందులో ఉంటున్నాడు. ఇలాంటి ఇళ్లు ప్రతి బస్తీలో కనిపిస్తాయి. షరియత్ ప్రకారం తండ్రి పోయిన రోజు నుంచే ఆ ఇంట్లో తల్లికీ, కొడుకులకూ, కూతుళ్లకూ హక్కు ఉంటుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న కొడుకు ఐదు లక్షలు పెట్టి బాగు చేయించాడనుకోండి. రేపు వాటాలు పంచేటప్పుడు ఆ ఐదు లక్షలు లెక్కలోకి వస్తాయా, రావా? ‘నా డబ్బు’ అని అతను, ‘మమ్మల్ని అడిగావా’ అని అక్కచెల్లెళ్లు. మంచి మనసుతో చేసిన పని తోబుట్టువుల మధ్య మాటలు లేకుండా చేస్తుంది.

అందుకే ముందు అందరూ కూర్చోవాలి. వీలైతే వాటాలే తేల్చుకోవాలి. అది వెంటనే కుదరకపోతే ఎవరు ఎంత పెడుతున్నారు, ఆ డబ్బును తర్వాత ఎలా లెక్కగడతారు అన్నది రాసుకుని అందరూ సంతకాలు పెట్టాలి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను సాక్షుల ముందు రాసుకోవడం గురించే. సొంతవాళ్ల మధ్య కాగితం ఎందుకని అనుకోవద్దు. రేపు గొడవ రాకుండా కాపాడేది ఆ కాగితమే.

గోడ తీసే ముందు ఇంజనీర్‌కు చూపించాలి

పాతబస్తీలోనూ, పాత ఊళ్లలోనూ రాయి లేదా ఇటుకతో, డంగుసున్నంతో కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి పిల్లర్లు ఉండవు. పైకప్పు బరువంతా గోడలే మోస్తాయి. దావత్‌కు హాలు పెద్దది కావాలని మధ్య గోడ తీసేస్తే కప్పు కిందికి దిగవచ్చు, ప్రాణాల మీదికి రావచ్చు. సున్నపు గోడ మీద సిమెంట్ ప్లాస్టర్ కొడితే లోపలి చెమ్మ బయటికి పోలేక కొన్నాళ్లకు గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. అలాంటి గోడకు సున్నం పనే మంచిది.

పిల్లర్ల ఇల్లయినా పైపుల కోసం బీములు, పిల్లర్లు చెక్కకూడదు. పైన ఇంకో అంతస్తు వేయాలంటే పునాది తట్టుకుంటుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి. ఆ ఫీజు మొత్తం ఖర్చుతో పోలిస్తే చిన్నదే.

రంగులు, టైల్స్ మార్చుకుంటే అనుమతితో పని ఉండదు. అంతస్తు పెంచితే మాత్రం మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ముందే అడగాలి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ విధానంలో 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలని పెట్టారు. చిన్న స్థలాల వాళ్లు ఇప్పుడు ఏ వెసులుబాటు ఉందో అడిగి తెలుసుకోవాలి.

డబ్బు: అవసరం ముందు, అందం తర్వాత

కాగితం మీద మూడు వరుసలు రాయండి. మొదటిది తప్పనిసరి పనులు: స్లాబ్ లీకేజీ, పాత వైరింగ్, డ్రైనేజీ. రెండోది సౌకర్యం: వంటింటి అరలు, ఇంకో బాత్రూమ్. మూడోది అందం: ఫాల్స్ సీలింగ్, ఖరీదైన లైట్లు. చేతిలో ఆరు లక్షలు ఉంటే దాంట్లో 15 శాతం, అంటే 90 వేలు, పక్కన పెట్టి 5 లక్షల 10 వేలకే పని వేసుకోవాలి. పాత గోడ తెరిస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఆ 90 వేలు అందుకే.

డబ్బు చాలకపోతే పనిని రెండు విడతలు చేసుకోవడం మేలు. వడ్డీకి తెచ్చిన అప్పుతో ఫాల్స్ సీలింగ్ వేసి, దాని కింద కూర్చుని నెలనెలా కిస్తీల గురించి దిగులు పడడంలో బర్కత్ ఏముంటుంది? పక్కింటి వాళ్లు వేయించారని మనమూ వేయించడం ఇస్రాఫ్, అంటే దుబారా.

తేదీ నుంచి వెనక్కి లెక్కించాలి

పనికి ఒక వరుస ఉంది. ముందు లీకేజీలు, తర్వాత పగలగొట్టడం, పైపులు, వైర్లు, ప్లాస్టర్, టైల్స్, చెక్కపని, చివర్లో రంగులు. సిమెంట్ పనికి కనీసం వారం, పది రోజులు నీళ్లు పట్టాలి. కొత్త ప్లాస్టర్ పూర్తిగా ఆరడానికి ఇంకో మూడు నాలుగు వారాలు కావాలి. తడి గోడకు రంగు వేస్తే పొరలుగా లేస్తుంది. అంటే షాదీకి నెలే ఉంటే ప్లాస్టర్ జోలికి వెళ్లకుండా, పొడిగా ఉన్న గోడలకు రంగులు వేసుకోవడమే తెలివి. స్లాబ్ పనులు జూన్ వానలకు ముందే ముగించాలి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తుంది కాబట్టి పోయినేటి తేదీతో లెక్క వేసుకోవద్దు.

లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడటం మామూలు. ఎర్తింగ్‌తో పాటు, షాక్ తగిలితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాలి. బాత్రూమ్‌లో టైల్స్ వేసే ముందు నేల మీద ఒక రోజు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ దిగుతోందేమో చూడాలి. గోడలు మూసే ముందు పైపులు, వైర్లు ఎటు వెళ్లాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. టైల్స్ పది శాతం ఎక్కువగా, ఒకే బ్యాచ్‌వి కొనండి. తర్వాత అదే రంగు దొరక్కపోవచ్చు.

ఇంట్లో ఉండేవాళ్ల సంగతి

మన ప్రాంతంలో ఖిబ్లా పడమర దిక్కున, కొంచెం ఉత్తరానికి ఉంటుంది. కాబట్టి కమోడ్ ఉత్తరం వైపో దక్షిణం వైపో తిరిగి ఉండాలని పైపులు వేయకముందే ప్లంబర్‌కు చెప్పాలి. తర్వాత మార్చాలంటే నేలంతా తవ్వాలి. వృద్ధులు కూర్చుని వజూ చేసుకునే చోటు, అక్కడ జారని టైల్స్ కూడా ప్లాన్‌లోనే ఉండాలి. రెండు బాత్రూమ్‌లు ఒకేసారి పగలగొట్టవద్దు. పనివాళ్లు ఎన్ని గంటలకు వస్తారు, ఏ గదిలో ఉంటారు అన్నది ముందే అనుకుంటే ఇంట్లో ఆడవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఆయాసం ఉన్న పెద్దవాళ్లను గోడలు పగలగొట్టే రోజుల్లో బంధువుల ఇంట్లో ఉంచడం మంచిది.

మేస్త్రీతో ఒప్పందం

‘మొత్తం ఇంతకు’ అని గుత్తగా మాట్లాడితే ఏది అందులో ఉంది, ఏది లేదు అని తర్వాత వాదన వస్తుంది. చదరపు అడుగుకు ఎంత, సామాను ఎవరిది, ఏ కంపెనీ సిమెంట్, రంగు ఎన్ని కోట్లు, చెత్త ఎవరు ఎత్తిపోయాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసుకోవాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగాలి. డబ్బు పని జరిగిన కొద్దీ విడతలుగా ఇవ్వాలి. అలాగే పని పూర్తయ్యాక కూలీలను డబ్బు కోసం తిప్పించుకోవద్దు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది మన దీన్ నేర్పిన మాట. ఆ డబ్బు కూడా లెక్కలో ముందే ఉండాలి.

ఇవన్నీ తేలాకే మేస్త్రీ చేతికి అడ్వాన్స్ ఇవ్వండి. కాగితం మీద గోడ జరపడానికి ఒక రబ్బరు చాలు. కట్టిన గోడ జరపాలంటే మళ్లీ డబ్బు కావాలి, మళ్లీ దుమ్ము భరించాలి.