కాఫీ మెషిన్‌లో ఆవిరి ఎందుకు అలుగుతుంది?

మన కోనసీమ పెళ్లిళ్లలో కాఫీ కౌంటర్ దగ్గర ‘బుస్స్’మనే స్టీలు మెషిన్ చూడనివాళ్లు ఉండరు. పాలను వేడి చేసేదీ, నురుగు తెప్పించేదీ అందులోని ఆవిరే. అదే పని చేసే చిన్న ఎస్ప్రెసో మెషిన్లు ఇప్పుడు ఇళ్లలోకీ వచ్చేశాయి. కొన్నాళ్లు బాగానే నడిచి, ఓ రోజు ఆవిరికి బదులు నీళ్లు కక్కుతాయి, లేదా మూగబోతాయి. అంతే, మెషిన్ అటకెక్కేస్తుంది. చాలాసార్లు దాన్ని దింపడానికి ఒక గుండుసూది, కాస్త నిమ్మ ఉప్పు చాలు.

ముందు లెక్క చూద్దాం. కాఫీ దిగడానికి నీళ్లు 93 డిగ్రీల దగ్గరుంటే సరి. ఆవిరికి మాత్రం బాయిలర్ 120 డిగ్రీలన్నా చేరాలి. అప్పుడు లోపలి పీడనం బయటి గాలి పీడనానికి దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ తేడాయే ఆవిరిని గొట్టంలోంచి తోస్తుంది.

ఫ్రిజ్‌లోని 150 మి.లీ. పాలు 5 నుంచి 65 డిగ్రీలకు రావాలంటే సుమారు 35 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక గ్రాము ఆవిరి పాలలో నీరుగా మారి కలిసేటప్పుడు దాదాపు 2.4 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే 15 గ్రాముల ఆవిరి చాలు. ఆవిరి తడిగా ఉంటే అదే వేడికి ఇంకా ఎక్కువ నీళ్లు చేరతాయి. కాఫీ పల్చబడితే తప్పు పాలవాడిది కాకపోవచ్చండోయ్!

ఇక మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. వేడి చాలిందా? ఆవిరి స్విచ్ నొక్కాక లైటు వెలిగేదాకా ఆగాలి. గొట్టంలో నిలిచిన నీళ్లను ముందు ఖాళీ కప్పులోకి వదిలి, ఆ తర్వాతే పాలలో పెట్టాలి. అయినా నీళ్లే వస్తుంటే థర్మోస్టాట్‌ని అనుమానించాలి. అది మెకానిక్ పని.

2. దారి ఉందా? వాల్వ్ కట్టేశాక గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లారి కుంచించుకుంటుంది, పాలను లోపలికి లాగుతుంది. అవి ఎండి నాజిల్ రంధ్రాన్ని మూసేస్తాయి. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక నాజిల్ విప్పి వేడినీళ్లలో నానబెట్టి, గుండుసూదితో పొడవండి. వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి రెండు సెకన్లు ఆవిరి వదిలితే ఈ బాధే ఉండదు.

3. నీళ్లు ఎలాంటివి? బోరు నీళ్లు కాగితే బాయిలర్ లోపల సున్నపు పొర కడుతుంది. లీటరు నీటికి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కొంత నడిపి, పావుగంట ఉంచి, తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగేయండి. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో వద్దని ఉంటే మానేయండి. సముద్రం వైపు ఊళ్లలో వచ్చే ఉప్పునీటికి మాత్రం నిమ్మ ఉప్పు మందు కాదు. ఆ ఉప్పు స్టీలునే తినేస్తుంది. అక్కడ టిన్ను నీళ్లు పోయడమే మేలు.

ఒకే బాయిలర్ ఉన్న మెషిన్‌లో ఆవిరి వాడాక కొంచెం నీళ్లు నడిపి బాయిలర్ నింపాలి. లేకపోతే ఖాళీ బాయిలర్‌లో హీటర్ కాలిపోతుంది. అప్పుడు నిజంగానే మెషిన్ అటకెక్కాల్సిందే.

చివరిగా ఒక్క మాట. సేఫ్టీ వాల్వ్ నుంచి ఆవిరి ఆగకుండా వస్తుంటే, కుక్కర్ విషయంలో లాగే, దానికి ఏదీ అడ్డుపెట్టొద్దు. స్విచ్ ఆపేసి దూరంగా ఉండండి. ఆవిరి కాలిస్తే మరుగుతున్న నీళ్లకంటే ఘోరం. పాలలోకి అంత వేడి ఇచ్చేది చేతికీ అంతే ఇస్తుంది కదా!