మూలపడ్డ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ వైద్యం

నల్లగొండ: పాస్‌పుస్తకం నకలు, పిల్లల సర్టిఫికెట్లు దాచిన ఇంటి కంప్యూటర్ ఒకనాడు తెరుచుకోకపోతే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అంతమాత్రాన కొత్తది కొనాల్సిన పనిలేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన స్వేచ్ఛ సంస్థ దాన్ని తెలుగులోనూ అందించింది.

బాగున్న మరో కంప్యూటర్‌ సాయంతో లినక్స్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. దానితో పాత కంప్యూటర్‌ను నడిపిస్తే, లోపలి విండోస్ జోలికి పోకుండానే తెర వెలుగుతుంది. హార్డ్‌డిస్కు బాగుంటే కాగితాలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. డిస్కే చెడితే ఈ వైద్యం పారదు.

నకళ్లు తీసుకోకముందే ‘ఇన్‌స్టాల్’ నొక్కరాదు. నొక్కితే పాతవన్నీ చెరిగిపోయే ప్రమాదముంది. ముందు కాగితాలు, తర్వాతే కొత్త హంగులు.